పంటి వేరు సర్జరీలో ఎముక పొడి తప్పనిసరా?

ప్రశ్న: నా వయసు 38. షుగర్ ఉంది. పై ముందు పంటికి రూట్ కెనాల్ చేయించినా చీము ఆగలేదు. వేరు కొన కోసి, గుంటలో ఎముక పొడి, నా రక్తంతో చేసిన జెల్లీ పెడతామంటున్నారు. ఖర్చు ఎక్కువ. అవసరమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అందరికీ అవసరం లేదమ్మా. మీ పంటి వేరు చివర సన్నటి పాయల్లో బ్యాక్టీరియా మిగిలి ఉండొచ్చు. అందుకే కొనను సుమారు 3 మిల్లీమీటర్లు కోసి, పాడైన కండను తీసేసి, ఎంటీఏ లాంటి సిమెంటుతో చివరను మూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం ఈ మూతే. అది సరిగా పడకపోతే ఎంత ఖరీదైన పొడి వేసినా చీము మళ్లీ వస్తుంది.

గుంట చిన్నదైతే అందులో గడ్డకట్టిన రక్తమే నెలల మీద ఎముకగా మారుతుంది. గుంట సెంటీమీటరు దాటినా, ఎముక అంగిలి వైపు దాకా తూటుపడినా ఎముక పెరిగేలోపే చిగురు కండ లోపలికి చొరబడుతుంది. దాన్ని ఆపడానికి పలుచటి పొర, కింద ఎముక పొడి పెడితే మేలు. రక్తంతో చేసే జెల్లీ తొలిరోజుల నొప్పి, వాపు తగ్గడానికి సాయపడొచ్చు. పెద్ద గుంటకు అదొక్కటే చాలుతుందనుకోకండి. కొన్ని పొడులు పశువుల ఎముకతో చేస్తారు, అభ్యంతరముంటే ముందే చెప్పండి.

సీబీసీటీ (దవడ 3డీ) స్కాన్‌లో గుంట కొలత చూపించమని అడిగాకే ఖర్చుకు ఒప్పుకోండి. సర్జరీకి ముందు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. సర్జరీ తర్వాత కుట్లు చూడాలని పెదవి లాగొద్దు. నొప్పి లేకపోయినా 6 నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీయించండి.

మూడో రోజు తర్వాత వాపు పెరిగినా, జ్వరం, చీము కనిపించినా డాక్టర్‌ను కలవండి. వాపు కంటి వైపు పాకినా, మింగడం, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.