కుంచె తడిపే ముందే

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో షాపుల బోర్డులు రాశాను, ఆ తర్వాత కంప్యూటర్ మీద డిజైన్లు చేశాను. ఎవరి కిందా పనిచేయకుండా సొంతంగా ఈ దారిలోకి వస్తున్న పిల్లలకు నాలుగు మాటలు.

1. మొహమాటం కడుపు నింపదు.
ఊళ్లో పని ఇచ్చేవాళ్లంతా అన్నలో, బావలో, చిన్ననాటి దోస్తులో అవుతారు. "ముందు రాయి తమ్మీ, పైసలెక్కడికి పోతయ్" అంటారు. ఒక కిరాణా షాపు బోర్డు నాకింకా గుర్తుంది. రేకును ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆరాక సుద్ద దారంతో గీతలు వేసి, ఎనామిల్‌తో అక్షరాలు నింపి, చివర నీడ దిద్దాను. రంగుల ఖర్చూ నాదే. డబ్బుల మాట దసరాకన్నారు, తర్వాత సంక్రాంతికన్నారు. అడ్వాన్సు అడగాల్సిన రోజు నేను నోరు మెదపలేదు. బాకీ తీరకపోయేసరికి ఆ షాపు ముందు నుంచి నడవడమే మానేశాను. సగం డబ్బు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టు బిడ్డా. చుట్టరికాలు చెడేది బాకీల దగ్గరే.

2. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.
మార్పులు ఎన్నిసార్లు, డబ్బు ఎప్పుడు, బొమ్మ ఎక్కడెక్కడ వాడతారు అన్నీ రాసుకో, వాట్సాప్‌లోనైనా సరే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవారిదే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకో, దానికి ఫీజు లేదు. అలా నమోదైన చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని, దాటితే వడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది.

3. పనిముట్టు మీద అలగకూడదు.
ఫ్లెక్సులు వచ్చి మా గోడలన్నీ లాక్కున్నాయి. కోపంతో కొన్నేళ్లు కంప్యూటర్ ముట్టలేదు. ఆ ఏళ్లు తిరిగి రావు. కోరెల్‌డ్రా, అను ఫాంట్లు నేర్చుకున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. తీరా నేర్చుకున్నాక తెలిసింది, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, అక్షరాల మధ్య ఎంత చోటు వదలాలో నా చేతికి ముందే వచ్చని. చిత్రకారుడు బాపు చేతిరాత ఫాంటుగా మారి ఇవాళ పెళ్లిపత్రికల మీద కనిపిస్తోంది. నీ గీత నీదిగా ఉంటే యంత్రం దాన్ని మోస్తుంది.

4. ఊరు చిన్నదని ధర తగ్గించుకోకు.
సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలు, దగ్గర్లోనే రామోజీ ఫిల్మ్ సిటీ, అటు హైదరాబాద్. పనికి కరువు లేదు. మా తరంలో ఆర్టిస్టులం ఒకరి దగ్గర ఒకరం ధరలు దాచుకున్నాం. దాంతో అందరం తక్కువకే రాశాం. మీరు దాచుకోకండి. తోటివాళ్లు ఎంత తీసుకుంటున్నారో అడగండి, మీరెంత తీసుకుంటున్నారో చెప్పండి.