దోమపిల్లలను తిను దేశీయ మత్స్యము: దాని ఉనికి, రక్షణ

సికిందరాబాదున 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని రోనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నాటినుండి నిలువనీటిలోని దోమపిల్లలను నశింపజేయుట జ్వరనివారణమునకు ముఖ్యోపాయమైనది. భిలాయి సెక్టర్ 4 వంటి వాసస్థలముల సమీపమందలి చెరువులకును, కుంటలకును ఈ విషయమున తగిన దేశీయ మత్స్యమొకటి కలదు.

గుర్తులు.— దీనిని శాస్త్రజ్ఞులు అప్లోకైలస్ పాంచాక్స్ అందురు. 1822వ సంవత్సరమున హామిల్టను దీనిని వర్ణించెను. పొడవు సాధారణముగా రెండు మూడు అంగుళములు. తల చదునుగను, నోరు పైకి తిరిగియు నుండును. నడినెత్తిని వెండిచుక్క మెరయుచుండును. ఇది నీటి పైపొరయందే తిరుగుచు, ఊపిరికై పైకి వచ్చు దోమపిల్లలను పట్టి తినును.

ఉనికి.— పాకిస్తాను మొదలు ఇండోనేషియా దీవుల వరకు ఈ జాతి వ్యాపించియున్నది. మహానదీ పరీవాహమునందును కలదు. భిలాయికి పడమట పారు శివనాథ నది ఆ మహానదికి ఉపనదియే.

స్థితి.— అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని తక్కువ ఆందోళన గల జాతులలో చేర్చినది. అయినను జాతి క్షేమముగా నున్నంతమాత్రమున ప్రతి కుంటలోను క్షేమముగా నున్నదనుకొనరాదు. ఈ చేప నీటిమొక్కలకు గ్రుడ్లనంటించును. మొక్కలనన్నిటిని పెరికివేసినచో దీని సంతానము నిలువదు. దట్టముగా పెరుగనిచ్చినచో దోమపిల్లలు వాని మాటున దాగును.

విదేశీ మత్స్యము.— అమెరికాలో పుట్టిన గంబూసియా చేప 1928వ సంవత్సరమున ఇటలీనుండి భారతదేశమునకు తేబడెను. అది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనుచు శీఘ్రముగా వృద్ధిచెందును. దోమపిల్లలతోపాటు ఇతర మత్స్యముల గ్రుడ్లను, పిల్లలను సైతము తినును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు ఊటలందు వసించు ఎఱ్ఱరెక్కల చిన్నచేప యొకటి నశించిపోవు స్థితికి వచ్చుటకు గంబూసియా ముఖ్యకారణము.

చేయదగినది.— దేశీయ మత్స్యములున్న చెరువులలో గంబూసియాను విడువరాదు. నడినీటి నాచును తీసివేసి, ఒడ్డున కొన్ని మొక్కలను నిలుపవలెను. మురుగునీటిని, పురుగుమందులను చెరువులలో చేరనీయరాదు.

ఇంటిలోని నీటికి మాత్రము చేప రక్షణ కానేరదు. 2018వ సంవత్సరమున భిలాయిలో ప్రబలిన డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ కూలర్లు, తొట్లు, పాత టైర్లలోని నీటియందు పెరుగును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. కావున వారమునకొకమారు ఆ నీటిని పారబోసి, పాత్రల లోపలి అంచులను తోమి ఆరబెట్టుట ప్రతి గృహస్థునకు విధి.