కొట్టు అద్దె కాగితం

ఒక అక్క బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు పెట్టాలనుకుంది. గది చూసింది. అద్దె నెలకు 3,000 రూపాయలు. అడ్వాన్సు 30,000. ఓనరు స్టాంపు కాగితం తెచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు.

అక్కకు సంతకం పెట్టడం వచ్చు. అయినా తొందరపడలేదు. "ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానండీ. రేపు ఇస్తా" అంది. మంచి పని చేసింది.

ఆ కాగితమే అద్దె ఒప్పందం. ముందు గడువు చూడాలి. గది ఎంతకాలానికి ఇస్తున్నారు? చాలా కాగితాల్లో "11 నెలలు" అని ఉంటుంది. ఎందుకని? ఏడాది దాటే అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అలా చెబుతుంది. దానికి ఖర్చవుతుంది. అందుకని 11 నెలలకే రాసుకుంటారు.

అక్క కాగితంలో "మూడు సంవత్సరాలు" అని ఉంది. వినటానికి బాగుంది. కాని రిజిస్టరు కాకపోతే ఆ మూడేళ్ల మాట కోర్టులో నిలవదు. మామూలుగా దాన్ని నెలనెలా అద్దె కిందే లెక్క కడతారు. అలాంటి అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. పొయ్యి కట్టించి, బల్లలు కొని, ముందు రేకులు వేయించాక ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తాం? నోటరీ ముద్ర ఉంది కదా అంటారు కొందరు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే చేయించాలి.

అద్దె పెంపు కూడా చూడండి. "ఏటా నూటికి 10 చొప్పున పెంచవలెను" అని రాసి ఉంది. రెండో ఏడు 3,300 అవుతుంది. మూడో ఏడు? 3,600 అనుకుంటాం. పెరిగిన అద్దె మీద మళ్లీ పెంచితే 3,630 అవుతుంది. ఏది లెక్కో ముందే అడిగి రాయించుకోవాలి.

అడ్వాన్సు ఎంత ముట్టిందో కాగితంలో ఉండాలి. ఖాళీ చేసినప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, సున్నానికీ రిపేర్లకూ ఎంత పట్టుకుంటారో కూడా ఉండాలి. నోటి మాట మీద వదిలేస్తే గొడవలు ఇక్కడే వస్తాయి. కరెంటు బిల్లు ఎవరిది? కొట్టు కరెంటు రేటు ఇంటి రేటు కాదు.

అద్దె కట్టిన ప్రతిసారీ రశీదు తీసుకోండి. ఒప్పందం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

చదవండి, రాయండి: గడువు, అడ్వాన్సు, రశీదు, నోటీసు, నకలు.

లెక్క చెయ్యండి: అద్దె 2,000. ఏటా నూటికి 5 పెరిగితే రెండో ఏడు నెలకు ఎంత?