పంటిని పట్టుకొను సిమెంటు

ఆత్మకూరు పరిసరములలోని పంచాయతీ సభ్యులకు జూరాల ఆనకట్ట చిరపరిచితము. కృష్ణానదికి అడ్డముగా నిలిచిన ఆ కట్టడపు బలము గోడలో మాత్రమే లేదు; గోడ రాతిని పట్టుకొన్న చోట కూడ నున్నది. ఆ పట్టు సడలినచో నీరు సందు వెదకికొనును. పిప్పిపంటిని పూడ్చుటయందును సూత్రమిదియే. పూడ్చిన పదార్థమెంత గట్టిదైనను, అది పంటితో కలియు అంచున సందు మిగిలినచో, ఉమ్మియు సూక్ష్మజీవులును లోనికి దిగి, పూడిక క్రిందనే మరల పుచ్చు పట్టును. కావున దంతవైద్యుడు వాడు సిమెంటు పంటితో ఎట్లు కలియునో తెలిసికొనుట వట్టి కుతూహలము కాదు. మన గ్రామములోని పిల్లల పండ్లు నిలుచునా, ఊడబెరుకవలసి వచ్చునా యను ప్రశ్న దీనితో ముడిపడియున్నది.

పన్ను రాయి కాదు

పంటికి మూడు భాగములు కలవు. పైనున్నది పింగాణి పొర. శరీరములో ఇంతకంటె గట్టి పదార్థము లేదు. దీని బరువులో సుమారు 96 పాళ్లు ఖనిజమే. ఒకసారి పోయినచో ఈ పొర తిరిగి పెరుగదు. దాని క్రింద డెంటిన్ అను పొర యున్నది. ఇందులో ఖనిజము సుమారు 70 పాళ్లు. తక్కినది నారవంటి పదార్థము, నీరు. కంటికి కానరాని సన్నని గొట్టములు వేలకొలది ఈ పొరగుండ పంటి లోపలికి పోవుచుండును. అన్నిటికంటె లోపల దంతమజ్జ కలదు. రక్తనాళములును నరములును అందే యున్నవి.

తీపి తిన్నప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిలోని కాల్షియమును కరగించును. పుచ్చు డెంటిన్ వరకు చేరిన పిదప చల్లని నీరు త్రాగినను పన్ను జివ్వుమనును. గొట్టములలోని ద్రవము కదలి నరమునకు వార్త చేర్చుటయే దీనికి కారణము. ఇట్టి సజీవమైన వస్తువులో సిమెంటు పెట్టునప్పుడు, అది లోపలి మజ్జకు హాని చేయరాదు. అంచున సందు విడువరాదు. మంచి సిమెంటుకు ఇవి రెండు పరీక్షలు.

లవంగనూనె, సున్నము

పన్ను నొచ్చినప్పుడు లవంగము పెట్టుకొనుట మన యిండ్లలో పూర్వమునుండి యున్న వాడుక. లవంగనూనెలో యూజినాల్ అను పదార్థమున్నది. దానిని జింక్ ఆక్సైడు పొడితో కలిపి వైద్యులొక సిమెంటు చేయుదురు. అది నొప్పిని చల్లార్చును. కాని పంటితో రసాయనికముగా అతుకదు. నమలుటకు ఎక్కువకాలము ఓర్వదు. అందుచేత దానిని తాత్కాలికముగనే వాడుదురు. ఇంట పెట్టుకొను లవంగము నొప్పిని కొంతసేపు మరపించునే గాని గుంతను పూడ్చదని గుర్తింపవలెను.

వైద్యులు వాడు మరియొక వస్తువు కాల్షియం హైడ్రాక్సైడు. ఇది మనమెరిగిన తడిసున్నమునకు శుద్ధరూపము. లోతైన గుంత అడుగున దీనిని పలుచగా పెట్టినచో, మజ్జ తన రక్షణకై క్రొత్త డెంటిన్‌ను కట్టుకొనుటకు తోడ్పడును. అట్లని తాంబూలపు సున్నమును పంటిలో పెట్టరాదు. అది చిగురును, బుగ్గను కాల్చివేయును.

పట్టు ఎట్లు కుదిరినది

19వ శతాబ్దమునుండి వాడుకలోనున్న జింక్ ఫాస్ఫేట్ సిమెంటు గట్టిదే. కాని కలిపిన క్రొత్తలో మిక్కిలి ఆమ్లముగా నుండును గనుక, లోతైన గుంతలో మజ్జను బాధింపవచ్చును. పైగా అది పంటి గరుకుదనమును ఆధారము చేసికొని నిలుచునే కాని పంటితో అతుకదు. 1968లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున డెనిస్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు ఫాస్ఫారిక్ ఆమ్లమునకు బదులు పాలీఏక్రిలిక్ ఆమ్లమును వాడెను. ఈ ఆమ్లపు అణువులు పొడవైన గొలుసులవంటివి. వానికి చేతులవంటి కొసలు పెక్కులుండును. ఆ చేతులు పంటిలోని కాల్షియమును పట్టుకొనును.

తరువాత లండనులోని ప్రభుత్వ రసాయనశాలకు చెందిన ఆలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అనువారు, జింక్ ఆక్సైడుకు మారుగా ప్రత్యేకమైన గాజుపొడిని కలిపి గ్లాస్ అయనోమర్ సిమెంటును రూపొందించి, 1972లో లోకమునకు వివరముగా తెలియజేసిరి. పొడిని ద్రవముతో కలిపినప్పుడు ఆమ్లము గాజు పైభాగమును కరగించును. గాజునుండి కాల్షియము, అల్యూమినియము వెలువడి గొలుసులను ఒకదానితో నొకటి బంధించును. అదే సమయమున గొలుసుల కొసలు పంటి కాల్షియమును పట్టుకొనును. ఇట్లు పంటికిని సిమెంటుకును నడుమ రెంటి అంశలును కలిసిన పలుచని పొర యేర్పడును. గాజులోని ఫ్లోరైడు మొదటి దినములలో ఎక్కువగను, పిదప చాలకాలము కొద్దికొద్దిగను వెలువడుచు, గుంత అంచును ఆమ్లమునకు ఓర్చునట్లు చేయుటకు సాయపడును.

ఫ్లోరైడను మాట వినగనే మన ప్రజలకు భయము కలుగుట సహజము. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రమునందలి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధి గుర్తింపబడినది. నల్లగొండ జిల్లాలో దానివలన ఎముకలు వంగినవారి బాధ మనమెరిగినదే. అది ఏండ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడుగల నీరు త్రాగుటవలన వచ్చినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు లోబడియుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట సైతము 1.5 మించరాదనియు భారత ప్రమాణము. సిమెంటునుండి వెలువడునది మిక్కిలి స్వల్పము. నీటి విషయమున జాగ్రత్త వహింపుడు. సిమెంటు విషయమున భయపడవలదు.

విద్యుత్తు లేనిచోట సైతము

ఈ సిమెంటుకు లోపములు లేకపోలేదు. గట్టిపడక ముందు ఉమ్మి తగిలినచో చెడును. పెద్ద గుంతలలో నమలు బరువునకు అరుగవచ్చును, విరుగవచ్చును. పుచ్చు మజ్జను చేరినచో ఏ పూడికయు చాలదు; వేరు చికిత్స అవసరమగును. కాని చిన్న గుంతకు ఇది చక్కగా సరిపోవును. 1980 దశకమున ఆఫ్రికాలోని టాంజానియాలో, మరయంత్రము లేకయే చేతి పనిముట్లతో మెత్తబడిన పుచ్చును తీసి, ఈ తరగతి సిమెంటులతో పూడ్చు పద్ధతి మొదలైనది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రోత్సహించినది. 2021లో ఆ సంస్థ గ్లాస్ అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. అనగా, శిక్షణపొందిన దంతవైద్యుడు పాఠశాల వరండాలో కూర్చుండియు ఒక పన్ను కాపాడవచ్చును.

పంచాయతీ చేయదగినది

ఆరేండ్ల ప్రాయమున పాలపండ్ల వెనుక ఒక దవడపన్ను మొలచును. అది ఏ పాలపన్నును త్రోసి రాదు గనుక, దానిని గూడ పాలపన్నే యని తల్లిదండ్రులు తలచి, పుచ్చినను ఊరకుందురు. అది శాశ్వతమైన పన్ను. పోయినచో మరల రాదు. నొప్పి పుట్టిన పిదప వచ్చిన బిడ్డకు తరచుగా సిమెంటు చాలదు. నొప్పి రాకమునుపే వచ్చిన బిడ్డకు అది చాలును. తేడా కొన్ని నెలలే కావచ్చును.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ఆరంభమైనది. దాని ప్రకారము వైద్యబృందములు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుమారులును, ప్రభుత్వ పాఠశాలలను ఒకమారును దర్శింపవలెను. పండ్ల పరీక్షయు అందులో భాగమే. ఆ దినము బిడ్డలందరును హాజరగునట్లు చూచుటయు, గుంతలున్న పిల్లల పేర్లు ప్రధానోపాధ్యాయునివద్ద వ్రాయించి, వారు దంతవైద్యుని చేరువరకు విచారించుటయు సభ్యుల చేతిలోని పని. సంతలలో పండ్లు పీకువారివద్దకు పిల్లలను పంపవలదని గ్రామసభలో చెప్పుడు. పూడిక చేయించుకొన్న బిడ్డకు ఒక గంటవరకు తిండి పెట్టవలదనియు, పూడిక ఊడినచో వెంటనే తిరిగి తీసికొని రావలెననియు తల్లులకు తెలుపుడు. ఫ్లోరైడు కలిసిన దంతలేపనముతో దినమునకు రెండుమారులు తోముట, తీపి తగ్గించుట అన్నిటికంటె చవుకైన వైద్యము.

సమావేశమున ఆలోచింపవలసిన ప్రశ్నలు: గడచిన ఏడాది మన పాఠశాలలో పండ్ల పరీక్ష జరిగినదా? గుంతలున్నవని తేలిన పిల్లలెందరు? వారిలో వైద్యుని చేరినవారెందరు? ఈ మూడవ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పగల పంచాయతీ తన పిల్లల పండ్లను కాపాడుకొనగలదని మేము నమ్ముచున్నాము.