నీటి ఎద్దడిలో బంగాళాదుంప: బాక్టీరియా తెగుళ్ళను గుర్తించుట



బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని బుధవారీ బజారులో కొనుగోలుదారులు బంగాళాదుంపను చేతికి తీసుకొని ముందుగా తొక్కను చూస్తారు. గరుకు మచ్చలు కనబడితే ధర తగ్గించి అడుగుతారు. 2002 వంటి అనావృష్టి సంవత్సరంలో ఖరీఫ్ వరి దెబ్బతిన్న రైతుకు, బ్యాంకు వాయిదా చెల్లించుటకు రబీ దుంపపంటే ఆధారం. అప్పుడు నీటిని ఎప్పుడు ఆదా చేయాలో, ఎప్పుడు చేయరాదో తెలిసి ఉండుట అవసరం.

ఆ మచ్చలకు కారణం స్కాబ్ తెగులు. దీనిని కలిగించే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా పొడి నేలలో విజృంభిస్తుంది. నాటిన సుమారు నెలకు దుంప కట్టుట మొదలవుతుంది. అప్పటినుండి దుంప ఒక సెంటీమీటరు లావు అయ్యేవరకు నేల ఆరిపోరాదు. ఖూటాఘాట్ జలాశయపు కాలువ నీరు తగ్గినచో, ఇతర దశలలో తడి తగ్గించినను ఈ దశలో తగ్గించరాదు. తరువాత ఎంత నీరు పెట్టినను ఏర్పడిన మచ్చలు పోవు.

ఎండు తెగులు సంగతి ఇందుకు భిన్నం. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా వలన వచ్చే ఈ తెగులుకు వెచ్చని, తడిగల నేల అనుకూలం. అయితే ఎద్దడి సమయంలో మొక్క వాడిపోగానే నీటి కొరత అని భావించి నీరు పెట్టుట సహజం. పొరపాటు జరిగేది ఇక్కడే. నీటి కొరత వలన వాడిన మొక్క సాధారణంగా సాయంత్రానికో, తడి ఇచ్చిన తరువాతో కోలుకుంటుంది. తెగులు సోకిన మొక్క చివరకు కోలుకోదు. పైగా కాలువ నీటి వెంట బాక్టీరియా పక్క సాళ్ళకు ప్రాకుతుంది.

అనుమానం తీర్చుకొనుటకు ఖర్చేమీ లేదు. కాండం మొదలులో రెండంగుళాల ముక్క కోసి, దాని కొనను గాజు గ్లాసులోని తేట నీటికి తాకునట్లు పట్టుకొనండి. కొద్ది నిమిషాలలో పాలవంటి దారాలు దిగినచో అది ఎండు తెగులే. అట్టి మొక్కలను దుంపలతో సహా పెరికి పొలం వెలుపల నాశనం చేయవలెను. మరుసటి పంటగా వంకాయ, టమాటా, మిరప వేయక వరి లేదా మొక్కజొన్న వేయుట మేలు. నాటునపుడు హెక్టారుకు 12 కిలోల బ్లీచింగ్ పౌడరును ఎరువుతో కలిపి సాళ్ళలో వేయవచ్చును. వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండనిచ్చుట కూడ ఉపకరిస్తుంది. బిలాస్‌పూర్ ఎండలకు ఆ కొరత లేదు కదా!

వ్యాపారులకు ఒక మాట. విత్తన దుంపలను శీతల గిడ్డంగికి పంపే ముందు కడిగి, 3 శాతం బోరిక్ ఆమ్ల ద్రావణంలో 30 నిమిషాలు ముంచి ఆరబెట్టినచో స్కాబ్ వ్యాప్తి తగ్గుతుంది. అట్లు శుద్ధిచేసిన దుంపలను తినుటకు అమ్మరాదు. ఎండు తెగులు మాత్రం దుంప లోపల ఉండును గనుక ఈ శుద్ధికి లొంగదు. కొన్ని దుంపలను కోసి చూడండి. లోపల గోధుమరంగు వలయం కనబడినచో ఆ సరుకును విత్తనంగా అప్పు మీద ఇవ్వవద్దు.