కల్లు, సిర్కా, ఫినాయిలు: పేరును నమ్మక గుణమును తెలియుడు

మద్యసారములు, ఫినాలులు, కర్బనామ్లములు అను మూడు జాతుల ద్రవ్యములను గూర్చి ఈ పాఠమున వ్రాయుచున్నాము. ఇవి ప్రయోగశాలలలో మాత్రమే యుండునని తలంపవలదు. 2008వ సంవత్సరమున విమానాశ్రయము నెలకొన్న పిదప శంషాబాదు చుట్టుపట్ల భూముల రూపు మారినను, ఈతకల్లు లొట్టియు, వంటింటి సిర్కాయు, పశువుల కొట్టములోని నల్ల ఫినాయిలు సీసాయు మన మెరిగినవే. ఆ మూటియందును ఈ మూడు జాతులు గలవు.

చెట్టునుండి దిగిన తీపినీరు నీరా. గాలిలోని ఈస్టు అను సూక్ష్మజీవులు అందు చేరి చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు గాలిగను విడగొట్టును. లెక్కప్రకారము 180 పాళ్ల ద్రాక్షచక్కెరనుండి 92 పాళ్ల మద్యసారము, 88 పాళ్ల గాలి పుట్టవలెను. లొట్టిలో నురుగు పొంగుటకు ఆ గాలియే కారణము. కల్లును గాలి తగులునట్లు నిలువ యుంచినచో వేరొక జాతి సూక్ష్మజీవులు మద్యసారమునకు ప్రాణవాయువును చేర్చి ఎసిటిక్ ఆమ్లముగ మార్చును. అదియే సిర్కాలోని పులుపు.

మూడు జాతులయందును ఒక ప్రాణవాయు పరమాణువును, ఒక ఉదజని పరమాణువును కలిసిన జంట యుండును. ఆ జంట సామాన్య కర్బనము నంటిన మద్యసారము. ఆరు కర్బనముల వలయము నంటిన ఫినాలు. మరియొక ప్రాణవాయువును గూడ ధరించిన కర్బనము నంటిన ఆమ్లము. జంట యొకటే, చోటు మారగనే గుణము మారినది.

సిర్కాలో చిటికెడు వంటసోడా వేసిన బుసబుస పొంగును. మద్యసారము పొంగదు. ఫినాలునకు కార్బాలిక్ ఆమ్లమని పేరున్నను అదియు పొంగదు. దాని ఆమ్లగుణ మంత స్వల్పము. అట్లని అది సాధువు కాదు, చర్మమును కాల్చి లోనికి నింకి ప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున ఫినాలుతో ఈ పరీక్ష మీరు చేయవలదు. 1865లో గ్లాస్గో నగరమున లిస్టరు అను వైద్యుడు దీనితో గాయములు కుళ్లకుండ కాపాడెను. అయినను పశువుల పుండ్లకు ఫినాయిలు పూయరాదు. అది మీద పడినచో వెంటనే ధారాళముగ నీటితో కడిగి వైద్యుని యొద్దకు పోవలెను.

ఇంతకంటె భయంకరమైనది మిథైలు మద్యసారము. వాసనచే గాని, వంటసోడాచే గాని దీనిని గుర్తింప వీలుకాదు. లొట్టిలో జరిగినట్టి మార్పే దేహమునందును జరుగును: కల్లులోని మద్యసారము ఎసిటిక్ ఆమ్లమగును, మిథైలు మద్యసారము ఫార్మిక్ ఆమ్లమగును. కొన్ని చీమల విషమున నుండునది ఈ ఆమ్లమే. ఇది కంటినరమును చెరచి గ్రుడ్డితనమును, మరణమును కలిగించును. 2020వ సంవత్సరము జూలై నెలాఖరున ప్రకాశము జిల్లా కురిచేడులో, మద్యమునకు బదులుగ చేతులు శుద్ధిచేసికొను ద్రవమును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. త్రాగుటకు గానిది ఎన్నడును త్రాగరాదు.

మిగిలిన కల్లును, పండి రాలిన ద్రాక్షను పారవేయనక్కరలేదు. చట్టప్రకారము దొరకిన కల్లును గాని, పులిసిన పండ్లరసమును గాని వెడల్పు మూతిగల గాజు లేక పింగాణి జాడీలో పోసి, కొంచెము పాత సిర్కా కలిపి, పలుచని గుడ్డ కట్టి కొన్ని వారములుంచిన సిర్కా యగును. రాగి, ఇత్తడి, ఇనుప పాత్రలు పనికిరావు, ఆమ్లము వానిని తినివేయును. అమ్మదలచిన అనుమతి పొంది, నూరు మిల్లీలీటర్లలో 3.75 గ్రాములకు తక్కువగాక ఎసిటిక్ ఆమ్లమున్నదని పరీక్షింపించుకొనవలెను. పరీక్షవ్యయము ఒక్కనికి భారము, సంఘమునకు తేలిక.

ఫినాయిలు, స్పిరిటు మొదలగువానిని త్రాగునీటి సీసాలలో నెన్నడును పోయకుడు. ప్రతి సీసాపై పేరు వ్రాసి, పిల్లల చేతికందని చోట తాళములో నుంచుడు.