పనిచేసే వారి మనసు: జీతం తర్వాతి ప్రశ్న

ఈ సంచికకు ఏటా పిల్లల చదువు గురించే రాస్తూ వచ్చాము. మీరు ఫీజులు కట్టి, పుస్తకాలు కొనిపెట్టి చదివించిన పిల్లలు ఆ తర్వాత ఏమవుతున్నారన్నది ఎప్పుడూ రాయలేదు. చాలామంది దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో, చిన్న ఆఫీసుల్లో కుదురుకుంటున్నారు. దాతల్లో కొందరు అలాంటి వారికి యజమానులు కూడా. అందుకే ఈసారి ఉద్యోగి మనసు గురించి రాస్తున్నాము.

మా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఒక బట్టల షాపులో నాలుగేళ్లు పనిచేసి మానేశాడు. నెలకు వెయ్యి రూపాయలు తక్కువ వచ్చే చోట చేరాడు. దారిలో కనబడితే, "జీతం తగ్గించుకుని ఎవరైనా వెళ్తారా?" అని మందలించాము. "జీతం సరిగ్గానే ఇచ్చేవారు సార్. నాలుగేళ్లు చేసినా ఏ చీర ఏ అరలో పెట్టాలో కూడా నన్ను అడిగింది లేదు. బేరం కుదరకపోతే మాత్రం తప్పు నాది. అదీ కస్టమర్ల ముందే తిట్టేవారు" అన్నాడు. మందలించినందుకు మాకే సిగ్గనిపించింది. అతడు చెప్పినది మనోవిజ్ఞాన శాస్త్రం ఎప్పుడో తేల్చిన సంగతే.

బి.ఎడ్.లో మేమంతా మాస్లో అవసరాల పిరమిడ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. (1943లో ఆయన రాసిన వ్యాసంలో ఆ బొమ్మ లేనే లేదని చాలా ఏళ్ల తర్వాత గాని మాకు తెలియలేదు.) కడుపు నిండాక మనిషికి గౌరవం కావాలని అందులో చదివాము. ఇక్కడ అంతకంటే పనికొచ్చేది ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ చెప్పిన మాట. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఆయన బృందం సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలిసి, పనిలో ఎప్పుడు చాలా సంతోషించారు, ఎప్పుడు చాలా బాధపడ్డారు అని అడిగింది. 1959లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటి వసతులు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిచేస్తే అసంతృప్తి పోతుంది, అంతే. సంతోషం మాత్రం చేసిన పని ఫలించడం వల్ల, దాన్ని ఒకరు గుర్తించడం వల్ల, బాధ్యత అప్పగించడం వల్ల వస్తుందని ఆయన అన్నారు. ఆ పద్ధతిని తప్పుపట్టిన పండితులూ ఉన్నారు. అయినా "జీతం ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి?" అనే యజమాని ఒకసారి ఆలోచించవలసిన మాట ఇది. అలాగని జీతం ఆలస్యం చేసి మెచ్చుకోలుతో సరిపెట్టడానికి కుదరదు.

ఇది మనసుతో ఆగే వ్యవహారం కాదు, గుండె దాకా వెళ్తుంది. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం 1967లో మొదలైంది. అందరివీ ఆఫీసు ఉద్యోగాలే, నెల తిరిగేసరికి జీతం వచ్చేవే. పెద్ద బాధ్యతలున్న పై అధికారులకే గుండెజబ్బులు ఎక్కువని అప్పటి నమ్మకం. తీరా చూస్తే అట్టడుగు తరగతి ఉద్యోగుల్లోనే గుండెజబ్బు మరణాలు పైవారికంటే సుమారు మూడు రెట్లు ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగమే అర్థమైంది. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో 10,308 మంది స్త్రీ పురుషులతో రెండో అధ్యయనం ప్రారంభించారు. తన పని మీద తనకు చెల్లుబాటు లేకపోవడం ఆ తేడాకు ఒక ముఖ్య కారణమని అందులో కనబడింది. రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఇలాంటి మాట చెప్పారు. ఒత్తిడి ఎక్కువై, నిర్ణయించే వీలు తక్కువైన పనే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుందని ఆయన సిద్ధాంతం.

మన బజారులో చూడండి. రంజాన్ సీజనులో బట్టల షాపుల్లో సేల్స్ పిల్లలు అర్ధరాత్రి దాకా నిలబడే ఉంటారు. గిరాకీ మనం ఆపలేము, ఆపనూ కూడదు. కానీ ఎవరు ఏ పూట రావాలి, ఎవరికి ఏ రోజు సెలవు అనేది వారం ముందే వాళ్లతో కూర్చుని వేసుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. తప్పు జరిగితే షాపు మూశాక పక్కకు పిలిచి చెప్పవచ్చు. తరగతి గదిలో మేమూ ఇది ఆలస్యంగానే నేర్చుకున్నాము. అందరి ముందూ తిట్టిన పిల్లవాడు ఆ రోజు మేము చెప్పిన పాఠం వినేవాడు కాదు.

ఇక కూర్చోవడం సంగతి. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు రోజంతా నిలబడలేక ఏళ్ల తరబడి పోరాడితే, పని మధ్యలో కూర్చునే హక్కు 2018లో చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. ఒక స్టూలు కోసం చట్టం దాకా వెళ్లవలసి వచ్చిందంటే, అన్నేళ్లూ వాళ్ల కాళ్లనొప్పి ఎవరికీ పట్టలేదన్నమాట.

మొన్న ఆ కుర్రవాడు పనిచేసే కొత్త షాపుకు వెళ్లాము. చిన్నదే. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని బిల్లు రాస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, వీధి వైపు అరలో పిల్లల ఫ్రాకులు పెట్టమని చెప్పింది తనేనని, అవి బాగా పోతున్నాయని, సేఠ్ గారు వినేంత గట్టిగానే చెప్పాడు.